బండి మీద పేరు

ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదని నియమం పెట్టినవాళ్ళెవరో నాకు తెలియదు గాని, వాళ్ళకు మాత్రం కొత్తగా పెళ్ళయి ఉండదు. నాకూ కామేష్‌కూ జ్యేష్ఠంలో పెళ్ళయింది. అరసవల్లిలో కాపురానికి వెళ్ళి, ఆయన టీలో పంచదార ఎంత వేసుకుంటారో, నవ్వు ఆపుకోవాలంటే ఏ వేలు కొరుక్కుంటారో తెలుసుకుంటూ ఉండగానే ఆషాఢం వచ్చి నన్ను రాజాంలో మా అమ్మ దగ్గర దింపేసింది.

ఫోను ఉంది కాబట్టి బతికాను. ఆయన బ్యాంకుకు వెళ్తూ దారిలో కనిపించినవన్నీ ఫొటోలు తీసి పంపేవారు. గేదె మీద నిలబడ్డ కొంగ, సైకిలుకు రెండు వైపులా కట్టిన పనసకాయలు, వానకు గొడుగు బదులు విస్తరాకుల కట్ట నెత్తిన పెట్టుకున్న పెద్దాయన. నేను ఇక్కడి నుంచి మా పెరటి దొండపాదు, మా అమ్మ వేయించిన వడియాలు పంపేదాన్ని. "ఆ ఫోన్లోకి దూరిపోతావేటే?" అని మా అమ్మ రోజూ విసుక్కునేది. దారి తెలిస్తే దూరేదాన్నే.

అలా ఉండగా ఒక బుధవారం విజయనగరం వెళ్ళి నా బండిని చూసి రావాలనిపించింది. అక్కడి నుంచి ఆయనకు ఫొటో పంపి ఆశ్చర్యపరచాలని నా ఎత్తు.

నా బండి అంటే స్కూటీ కాదు. ఇంజనీరింగు చదివేటప్పుడు మా మెకానికల్ వాళ్ళందరం కలిసి తయారు చేసిన బగ్గీ. ఇనుపగొట్టాల పంజరం, లావుపాటి టైర్లు, వెనక చిన్న ఇంజను, మధ్యలో ఒక్క సీటు. దేశంలో చాలా కాలేజీలవాళ్ళు ఇలాంటి బళ్ళు చేసుకుని మధ్యప్రదేశ్‌లో ఒక మట్టి ట్రాకు మీద పోటీ పడతారు. డ్రైవరు బరువు తగ్గితే బండి వేగం పెరుగుతుంది గనక, జట్టులో అందరికన్నా బక్కదాన్నని నన్ను కూర్చోబెట్టారు. అంత గౌరవంగా మొదలైంది నా రేసింగు. మొదటి ఏడాది ప్రాక్టీసులోనే బండి బోర్లాపడి భుజం దగ్గర ఎముక విరిగింది. ప్లేటు వేశారు. మరుసటి ఏడు ఆ ప్లేటుతోనే వెళ్ళి, రేసు చివరిదాకా నడిపి మూడో స్థానం తెచ్చాను. జెండా ఊపేసరికి నోటినిండా మట్టి. అంత రుచిగల మట్టి మళ్ళీ తినలేదు.

పెళ్ళిచూపుల రోజున మేడ మీద మాట్లాడుకోమని పంపినప్పుడు కామేష్‌కు ఇదంతా చెప్పేశాను. అంతకుముందు వచ్చిన ఇద్దరిలో ఒకరు, ఇప్పుడు మానేశావు కదా అని అడిగారు. రెండో ఆయన నా భుజం కేసి చూసి, బరువులు ఎత్తగలవా అన్నారు. కామేష్ మాత్రం, బండి తిరగబడినప్పుడు ఏం కనిపించింది అని అడిగారు. ఆకాశం కాళ్ళ కింద కనిపించిందని చెప్పాను. ఆయన, తనకు అలాంటిదేదీ ఎప్పుడూ కనపడలేదని నవ్వారు. మెట్లు దిగేలోపే నేను ఒప్పేసుకున్నాను.

మా బగ్గీని కాలేజీ వాళ్ళు విక్టర్ గారికి ఇచ్చారు. ఆయన విజయనగరం మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగి, వయసులో మోటారుసైకిలు రేసులు నడిపి, తరవాత మెకానిక్ షెడ్డు పెట్టుకుని, ఊరూరా తిరిగి పాత రేసు బళ్ళు పోగేసిన మనిషి. ఊరి మొదట్లో మూతపడిన జూట్ మిల్లు గోదాము ఒకటి తీసుకుని అందులో వాటన్నిటినీ పెట్టి మ్యూజియం తెరిచారు. ప్రారంభానికి మా జట్టునంతా పిలిచారు. అది సరిగ్గా మా పదహారు రోజుల పండుగ లోపల పడింది. కొత్త పెళ్ళికూతురు పొలిమేర దాటకూడదన్నారు మా అత్తగారు బాలసరస్వతి. ఆవిడ వీణ నేర్పుతారు. తప్పు స్వరం పలికిన పిల్లలను కూడా గట్టిగా అనరు, వీణ ఆపి చూస్తారు, అంతే. నన్నూ అలాగే చూశారు. "నీ తరఫున నేను వెళ్ళొస్తాలే" అని కామేష్ ఒక్కరే వెళ్ళి, సాయంత్రం మిఠాయి పొట్లంతో తిరిగొచ్చారు. బండి హాలు మధ్యలోనే పెట్టారని, లోపల ఫొటోలు తియ్యనివ్వడం లేదని, ఆషాఢం వెళ్ళాక ఇద్దరం కలిసి వెళ్దామని చెప్పారు. పొట్లంలో మైసూర్‌పాకు. నా బండి దగ్గర నుంచి వచ్చిందని ముక్క కూడా ఎవరికీ పెట్టకుండా తినేశాను.

ఆ బుధవారం మా అమ్మ నల్లపూసలు చీర పైకి కనపడేలా వేసుకుంటేనే గడప దాటనిస్తానంది. వేసుకున్నాను. చీపురుపల్లి మీదుగా వెళ్ళే బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. రాత్రి పడ్డ వానకు మళ్ళన్నీ నిండి, వరి ఉభాలు నాటుతున్న ఆడవాళ్ళు వరసగా వంగి ఉన్నారు. పక్కన కూర్చున్న ముసలమ్మ నా గోరింటాకు చేతులు తిప్పి చూసింది.

"కొత్త పెళ్లికూతురివి, ఆషాడంలో ఒక్కర్తివీ ఎక్కడికెల్తన్నావు? దొంగసాటుగా మొగుడి కాడికేటి?"

"కాదు మామ్మా, నా బండి కాడికి" అన్నాను.

"మొగుడికంటే బండి ఎక్కువేటే నీకు" అని నవ్వి, ఒళ్ళో సంచిలోంచి ఒక జామకాయ తీసి ఇచ్చింది. గరివిడి దాటేదాకా దాన్ని కొరుక్కుంటూ, ఆయనకు ఏమని రాసి ఫొటో పంపాలా అని ఆలోచించాను. 'మీరు చూసిందే నేనూ చూశాను' అని రాద్దామనుకున్నాను. ఆ మాట నాకు చాలా నచ్చింది.

గోదాము గుమ్మంలో టిక్కెట్టు కోసింది విక్టర్ గారి భార్య మెర్సీ గారు. తెల్ల నేతచీర, చేతికి గడియారం. నా ముంజేతి మీద టైరు గుర్తున్న ముద్ర వేశారు. చిన్నపిల్లలా ఇంకో చేతికి కూడా వెయ్యమన్నాను. ఫోను లోపలికి తీసుకెళ్ళొచ్చా అని అడిగితే, ఎన్ని ఫొటోలు తీసుకుంటే మాకంత మేలు, ఊరివాళ్ళకు ఇక్కడ ఇలాంటిదుందని తెలియడం లేదన్నారు. కామేష్ వచ్చిన రోజున వద్దని ఉంటారు, తరవాత మార్చి ఉంటారు అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

లోపల నాకు మతిపోయింది. గోడ పొడుగునా పాత మోటారుసైకిళ్ళు, వాటి మీద మద్రాసు దగ్గరి షోళవరం రేసుల నాటి వెలిసిపోయిన పోస్టర్లు, గాజుపెట్టెలో పగిలిన కళ్ళజోళ్ళు, తోలు చేతితొడుగులు. ఒకచోట బుల్లెట్ ఇంజనును కొబ్బరికాయలా అడ్డంగా కోసి పెట్టారు. బొత్తాం నొక్కితే లోపల పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. నేను ఎన్నిసార్లు నొక్కానో, వెనక నిలబడ్డ బడిపిల్లలు విసుగెత్తి పక్కకు వెళ్ళిపోయారు.

నా బండి నిజంగానే హాలు మధ్యలో, చెక్కల వేదిక మీద ఉంది. దీపాలు కూడా పెట్టారు. పరుగెత్తినట్టే వెళ్ళాను. సీట్లో ఎవరో కూర్చుని ఉన్నారు.

బట్టల దుకాణాల్లో చొక్కాలు తొడిగి నిలబెట్టే మగబొమ్మ అది. దాని కాళ్ళు మడిచి కూర్చోబెట్టి, బగ్గీతో పాటు కాలేజీ వాళ్ళు ఇచ్చిన నా రేసింగు దుస్తులు తొడిగారు. నా కొలతవి కావడంతో చేతులు మోచేతి దగ్గరే ఆగిపోయాయి. నా హెల్మెట్టు దాని తలకు పట్టక ఒళ్ళో పెట్టారు. బండికి పక్కన బిగించిన రేకు మీద డ్రైవరు పేరు రాస్తాం. పేరు కింద రక్తం గ్రూపు కూడా రాయాలి, ప్రమాదం జరిగితే వెతుక్కోకుండా. ఆ రేకు మీద నా పేరున్నచోట ఎర్రరంగు పూసి, దాని మీద తెల్లగా 'దత్తాత్రేయ' అని రాసి ఉంది. ముందు నిలబెట్టిన బోర్డు మీద కూడా డ్రైవరు దత్తాత్రేయ అనే ఉంది. జట్టు సభ్యుల పేర్లున్నాయి. వాటిలో కూడా నేను లేను.

దత్తాత్రేయ మా జట్టు కెప్టెన్. మంచివాడే. బండి ఎప్పుడూ నడపలేదు, కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకు తగిలేవి. పేరు కింద మాత్రం 'బి నెగటివ్' అని నా గ్రూపు అలాగే ఉంది. నా ఆపరేషనుకు రక్తం ఇస్తానని వచ్చి, గ్రూపు కలవక, ఆసుపత్రి వాళ్ళిచ్చిన బిస్కెట్లు తిని వెళ్ళిపోయిన మనిషి దత్తాత్రేయ. నా పేరు తీసేసినవాళ్ళు నా రక్తం తియ్యడం మరిచిపోయారు.

పొరపాటు అనుకున్నాను. అలా అనుకుని నవ్వుకుంటూనే విక్టర్ గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన ఒక మూల స్టూలు మీద కూర్చుని పాత కార్బురేటరు తుడుస్తున్నారు. నేను విశాలిని, ఆ బగ్గీ నడిపింది నేనే, పేరు తప్పు పడింది అని చెప్పాను. ఆయన గుడ్డ పక్కన పడేసి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు.

"నువ్వేనా తల్లీ. తప్పు పళ్ళేదమ్మా, నువ్వు సెప్పినట్టే రాసినాం కదా."

నేనేం చెప్పలేదన్నాను.

"మీయాయన ఒచ్చి సెప్పినాడు. ముందురోజే ఒచ్చినాడు, తెల్లగా, కళ్ళజోడు. అత్తారింట్లో ఇబ్బందవుతాది, నా పేరు తీయించమని విశాలే పంపినాదన్నాడు. కొత్త కాపరం, ఆడపిల్ల బాధ మనకి తెల్దా అని ఆ రేతిరే రంగెయ్యించినాను. కాళీగా ఉంచితే బాగోదని మీ కెప్టెన్‌కి ఫోన్ సేసినాను. ఇంట్లోవోళ్ళు ఎలాగంటే అలాగే కానివ్వండన్నాడు."

ఆయన ముఖంలో మేలు చేసిన తృప్తి ఉంది. అప్పటికే మెర్సీ గారు గుమ్మం దగ్గర నుంచి వచ్చి నిలబడ్డారు.

"ఆ పిల్లకో ఫోన్ కొట్టయ్యా అని మొత్తుకున్నాను. ఇన్నాడా?" అన్నారు.

"మొగుడే ఒచ్చి సెప్పినాక ఇంకెవుర్నడుగుతామే?"

"నువ్వు రేసులు మానీసినావని నాను ఒచ్చి సెప్తే మీ జట్టోళ్ళు ఊరుకుందురా? నిన్నడగరా?"

విక్టర్ గారు లేచి తన స్టూలు నా వైపు జరిపి, తను కింద కూర్చున్నారు. మెర్సీ గారు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు తెచ్చారు. చల్లగా ఉన్నాయి. ఎంత బాగున్నాయో అనుకున్నాను, అలవాటు కొద్దీ.

కామేష్‌కు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తి, రాజాం రాణిగారికి పట్టపగలు బ్యాంకు వాళ్ళతో ఏం పని అన్నారు. నేను విజయనగరంలో, బండి ముందు ఉన్నానని చెప్పాను. ఆ తరవాత ఆయన లేచి ఎక్కడికో నడిచిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు వినిపించాయి.

ఆయన కోపం తెచ్చుకోలేదు. బుకాయించలేదు కూడా. మెల్లగా, నాకు ఇష్టమైన గొంతుతోనే అంతా చెప్పారు. సంబంధం మాట్లాడేటప్పుడు నా భుజం మీద మచ్చ ఏమిటని వాళ్ళమ్మ అడిగారట. ఇనుపప్లేటున్న పిల్ల అంటే ఆవిడ ఒప్పుకోరని, చిన్నప్పుడు చెట్టు మీద నుంచి పడిందట అని చెప్పేశారట. మ్యూజియం సంగతి పేపర్లో జిల్లా పేజీలో వస్తుంది, అందులో నా పేరు, బోర్లాపడిన సంగతి ఉంటే ఆవిడకు తెలిసిపోతుంది. అందుకని ముందురోజు బ్యాంకు నుంచి అటే వెళ్ళి వచ్చారట.

"నిన్ను వదులుకోలేక చెప్పాను విశాలీ" అన్నారు.

ఆ మాటకు ఒక్క క్షణం నా ఒళ్ళు పులకరించింది. ఆ రోజు జరిగినవాటిలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. ఎర్రరంగు పూసిన నా పేరు ముందు నిలబడి కూడా నేను సిగ్గుపడ్డాను.

తరవాత అడిగాను. "సరే. తీయించమని నేను చెప్పానని ఎందుకు చెప్పారు?"

"నాకోసం అడుగుతున్నానంటే వాళ్ళు వినరు కదా. అయినా నిన్నడిగితే నువ్వు కాదనవని నాకు తెలుసు."

"అడిగితే కదా."

ఆయన చాలాసేపు మాట్లాడారు. ఇది ఎప్పటికీ కాదని, ఆషాఢం వెళ్ళనిమ్మని, శ్రావణంలో నోములవీ ఉంటాయి, అవి అయ్యాక, దసరాకు మేనత్తలు వస్తారు, వాళ్ళు వెళ్ళాక, మంచి సమయం చూసి అమ్మకు తానే చెప్తానని. నేను వింటూ వేలితో చీర అంచు చుట్టుకున్నాను. మేడ మీద ఆకాశం గురించి అడిగిన మనిషి ఈయనే. అడిగి, విని, అంతా జాగ్రత్తగా గుర్తుపెట్టుకుని, ఒక్కొక్కటీ ఎక్కడెక్కడ దాచాలో చూసుకున్నారు. మైసూర్‌పాకు ఇచ్చి, నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చూశారు.

"ఇప్పుడు విక్టర్ గారికి ఫోన్ ఇస్తాను. నా పేరు మళ్ళీ రాయమని మీరే చెప్పండి" అన్నాను.

లైనులో బ్యాంకు టోకెను పిలుపు వినిపిస్తోంది.

"కామేష్" అన్నాను. పేరు పెట్టి పిలవమని ఆయనే బతిమాలేవారు. అదే మొదటిసారి పిలవడం.

"నీ ఇష్టం" అన్నారు. ఆ రెండు మాటలూ అలా అంటే ఏమిటో పెళ్ళయి నెలే దాటిన నాకు కూడా తెలుసు. తరవాత, కౌంటరు దగ్గర జనం ఉన్నారని చెప్పి పెట్టేశారు.

విక్టర్ గారు అంతా వింటూ కార్బురేటరు కేసి చూస్తూ కూర్చున్నారు. మళ్ళీ రాయగలరా అని అడిగాను. ఆయన లేచి, ఒక కాలు ఈడుస్తూ వెళ్ళి రంగుడబ్బాలు, కుంచె తెచ్చారు. వేదిక మీద మోకాళ్ళ మీద కూర్చుని ఎర్రరంగు పూస్తుంటే దత్తాత్రేయ పోయాడు. అది ఆరేదాకా మెర్సీ గారు నాకు భోజనం పెట్టారు. తోటకూర పప్పు, ఎండు మెత్తళ్ళ చేపలు. మెత్తళ్ళు మా అత్తగారింట్లో వండరు. రెండుసార్లు వడ్డించుకున్నాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను గాని, ఆకలే ఎక్కువగా ఉంది.

తెల్లరంగు కలిపి విక్టర్ గారు ఆగారు.

"ఇంటిపేరు ఏటి రాయమంటావు? పుట్టింటిదా, అత్తారిదా?"

మెర్సీ గారు నా కేసి చూశారు. రేసు నడిపేనాటికి నా పేరు ముందు మా నాన్న ఇంటిపేరు. ఇప్పుడు ఆధార్‌లో మార్చడానికి కామేష్ కాగితాలు పెట్టారు, ఇంకా రాలేదు. బండి నడిపింది ఆ ఇంట్లోవాళ్ళూ కాదు, ఈ ఇంట్లోవాళ్ళూ కాదు.

"విశాలి చాలండి" అన్నాను.

ఆయన కుంచెతో రాస్తే అక్షరాలు చక్కగా పడ్డాయి. బోర్డు మళ్ళీ అచ్చు వేయించడానికి వారం పడుతుందన్నారు. ఆ మగబొమ్మను నేనే పట్టి కిందికి దింపాను. నా దుస్తులు విప్పదీస్తుంటే వెనక బడిపిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. హెల్మెట్టు సీట్లో పెట్టి, తడి ఆరని పేరు కనపడేలా ఫొటో తీశాను. వెళ్ళేటప్పుడు మెర్సీ గారు నా తల మీద చెయ్యి పెట్టి ఏదో ప్రార్థన చేసుకున్నారు. విక్టర్ గారు బస్సు ఎక్కించడానికి రోడ్డుదాకా వచ్చి, అడగాల్సింది తల్లీ, అడగాల్సింది అని రెండుసార్లు అన్నారు.

బస్సులో కూర్చుని ఫొటోను కామేష్‌కు పంపాను. ఏమీ రాయలేదు. పొద్దున అనుకున్న మాట ఇప్పుడు పనికి రాదు. చదివినట్టు నీలం గీతలు పడ్డాయి. గరివిడి వచ్చింది, చీపురుపల్లి వచ్చింది. ఆయన ఏ కొంగనూ ఏ గేదెనూ పంపలేదు. మళ్ళలో ఆడవాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయారు. వాళ్ళు నాటిన మేర పచ్చగా, మిగతాది బురదగా ఉంది.

రాజాంలో దిగి ఆటో ఎక్కాక ఫోను మోగింది.

'ఫొటో డిలీట్ చేశాను. అమ్మ నా ఫోన్లోనే సీరియల్ చూస్తుంది కదా. నువ్వు కూడా స్టేటస్‌లో పెట్టకు. బండి బాగుంది.'

చివర ఒక నవ్వు బొమ్మ.

దాన్ని రెండుసార్లు చదివాను. తరవాత అదే ఫొటో మళ్ళీ పంపాను. నీలం గీతలు పడ్డాయి. ఇంకోసారి పంపాను. మళ్ళీ పడ్డాయి. 'ఏంటిది విశాలీ' అని వచ్చింది. పంపాను. ఆటో అతను అద్దంలోంచి, సిగ్నల్ లేదేటమ్మా అని అడిగాడు. ఉందన్నాను. అక్కడ ఆయన ఒక్కొక్కటే తీసేస్తూ ఉండి ఉంటారు. మా సందు మలుపు తిరిగి, గుమ్మంలో మా అమ్మ కనపడేదాకా నేను పంపుతూనే ఉన్నాను.